సౌదీ రహదారులపై పరారుణ రాత్రి దృష్టి

చీకట్లో రోడ్డు మీదున్న మనిషిని, బండిని, జంతువును పరారుణ కిరణాల సాయంతో కెమెరా పసిగట్టి డ్రైవరును హెచ్చరించే పరిజ్ఞానం ఇది. సౌదీ అరేబియాలో దీని అవసరం ముఖ్యంగా ఒంటె వల్ల వచ్చింది.

దేశంలో పది లక్షలకు పైగా ఒంటెలున్నాయి. వాటితో జరిగే ప్రమాదాలు చాలావరకు రాత్రిపూటవే. ఇసుక రంగు ఒళ్లు హెడ్‌లైట్ల వెలుగులో ఆలస్యంగా కంటబడుతుంది. బంపరు పొడవాటి కాళ్లకు తగలగానే నాలుగైదు వందల కిలోల శరీరం ముందు అద్దం మీద, కారు టాపు మీద కూలుతుంది. లోపలివారికి మెడ, తల గాయాలు ఎక్కువయ్యేది అందుకే. హెచ్చరిక బోర్డులు పెట్టి చూశారు. 2004లో పరిశోధకులు అల్ గామ్దీ, అల్ గాధీ ప్రచురించిన అధ్యయనంలో ఆ బోర్డుల వల్ల సగటు వేగం గంటకు 3 నుంచి 7 కిలోమీటర్లే తగ్గింది. 2010లో రియాద్‌లో మొదలైన నిఘా కెమెరాల వ్యవస్థ పేరు 'సాహెర్'. అరబ్బీలో ఆ మాటకు రాత్రి నిద్రపోకుండా మేలుకొని ఉండేవాడని అర్థం. అయితే అది పట్టుకునేది మితిమీరిన వేగాన్ని, సిగ్నల్ దాటిన బండిని. దారికి అడ్డం వచ్చిన ఒంటెను కాదు.

పరారుణ కిరణాలను విలియం హెర్షెల్ 1800లోనే కనుగొన్నా, అవి కార్లలోకి రావడానికి రెండు శతాబ్దాలు పట్టింది. 2000 మోడల్ కాడిలాక్ డివిల్ కారు ఉష్ణచిత్రాన్ని అద్దం మీద చూపేది. అందులో మనిషిని పోల్చుకోవలసింది డ్రైవరే. 2004లో జపాన్‌లో వచ్చిన హోండా లెజెండ్ ఆ పని తానే చేసి, పాదచారి ఉన్నాడని హెచ్చరించింది. 2013 నాటికి జర్మన్ కార్లు జంతువులనూ గుర్తించసాగాయి.

ఈ కెమెరాల్లో రెండు రకాలున్నాయి. సమీప పరారుణ కెమెరాకు కారే కంటికి కనబడని వెలుగు వేయాలి. థర్మల్ కెమెరాకు ఏ వెలుగూ అక్కర్లేదు. వస్తువులు వెలువరించే 8 నుంచి 14 మైక్రాన్ల వేడి కిరణాలే దానికి చాలు. నల్లటి అబాయా వేసుకున్న స్త్రీ హెడ్‌లైటుకు చీకట్లో కలిసిపోయినా, థర్మల్ కెమెరాకు బట్ట రంగుతో నిమిత్తం లేదు. మామూలు గాజు ఈ కిరణాలను అడ్డుకుంటుంది కాబట్టి కెమెరాను జెర్మేనియం కటకంతో కారు ముందు జాలీలో అమరుస్తారు.

అసలు చిక్కు ఎడారి వేసవిదే. పగలంతా కాగిన తారు పొద్దుగూకాక కూడా గంటల తరబడి వేడి కక్కుతుంది. మనిషి చర్మం దాదాపు 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. నేలా అంతే వేడిగా ఉంటే చిత్రంలో మనిషి నేలలో కలిసిపోతాడు. ఒంటెతో మరీ కష్టం. నీళ్లు దొరకని రోజుల్లో దాని ఒంటి వేడి తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగి, సాయంత్రానికి 40 దాకా ఎక్కుతుంది. పైగా దట్టమైన బొచ్చు ఆ వేడిని బయటికి పొక్కనివ్వదు. చల్లని దేశాల రాత్రుల్లో తీసిన చిత్రాలతో నేర్పిన ప్రోగ్రామును ఇక్కడికి తెచ్చి నమ్ముకోవడం ప్రమాదమే.

గుర్తించే పద్ధతీ మారుతూ వచ్చింది. 2005లో పరిశోధకులు దలాల్, ట్రిగ్స్ రూపొందించిన పద్ధతి చిత్రంలోని అంచుల దిశలను లెక్కగట్టి మనిషి ఆకారాన్ని పట్టేది. పదేళ్ల తర్వాత వచ్చిన యోలో వంటి న్యూరల్ నెట్‌వర్కులు వేల చిత్రాలు చూసి తామే నేర్చుకుంటాయి. ఒంటెలను గుర్తించేందుకు సౌదీ పరిశోధకులు కూడా వీటిని పరీక్షించారు. వాటికి నేర్పే చిత్రాల్లో ఒంటె ఒక్కటే ఉంటే చాలదు. మంద వెనక నడిచే కాపరి కూడా ఉండాలి. తెలంగాణ నుంచి, రాయలసీమ నుంచి వలస వెళ్లి అక్కడ ఒంటెలు మేపుతున్నవారు మన తెలుగువాళ్లలోనూ ఉన్నారు.