టాల్కం పౌడరు భద్రత: శుద్ధత, పరీక్ష, ప్రమాణం – చారిత్రక పరిశీలన

వ్యాససారాంశం:
టాల్కం పౌడరు ఆరోగ్యానికి హానికరమా అన్న ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు వచ్చాయి. ఖనిజశాస్త్రజ్ఞులు, వైద్యపరిశోధకులు, న్యాయస్థానాలు, ప్రభుత్వ నియంత్రణ సంస్థలు ఈ ప్రశ్నను ఎదుర్కొన్న తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పౌడరు 'శుద్ధమైనది' అన్న మాటకు నాటి నాటి పరీక్షా పద్ధతుల హద్దులే అర్థాన్ని నిర్ణయించాయని నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: టాల్కం పౌడరు, బలపపురాయి, రాతినార, అండాశయ క్యాన్సర్, ప్రమాణాలు.

1. ఉపోద్ఘాతం:
టాల్క్ మెగ్నీషియం, సిలికాన్, ఆక్సిజన్, హైడ్రోజన్‌లతో ఏర్పడిన ఖనిజం. కాఠిన్యాన్ని కొలిచే మోస్ మానంలో దీని విలువ 1. అంటే గోటితో గీసినా గీత పడుతుంది. పలక మీద రాసే బలపం ఈ జాతి రాయితో చేసినదే. రాపిడిని తగ్గించడం, చర్మానికి పలుచగా అంటుకొని ఉండడం అనే గుణాల వల్ల ఇది సౌందర్యసామగ్రిలో చేరింది. అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ 1894లో బేబీ పౌడరును మార్కెట్టులోకి తెచ్చింది. కాలక్రమంలో తెలుగు ఇళ్లలోనూ సున్నిపిండి స్నానం, సాంబ్రాణి పొగల సరసన పౌడరు డబ్బా చోటు సంపాదించుకొంది. పసిపిల్లల వస్తువుగా ప్రసిద్ధి పొందడమే దాని నిరపాయతకు నిదర్శనంగా చలామణి అయింది.

2. రాతినారతో సాన్నిహిత్యం:
సమస్యకు మూలం భూగర్భంలో ఉంది. మెగ్నీషియం అధికంగా గల శిలలు వేడి, ఒత్తిడి, ద్రవాల ప్రభావంతో మార్పు చెందినప్పుడు టాల్క్ ఏర్పడుతుంది. దాదాపు అటువంటి పరిస్థితుల్లోనే ట్రెమొలైట్, ఆంథోఫిల్లైట్, క్రిసోటైల్ వంటి ఖనిజాలు కూడా ఏర్పడగలవు. ఇవి నారరూపం దాల్చినప్పుడు రాతినార, అంటే ఆస్బెస్టాస్ అవుతాయి. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని క్రిసోటైల్ నిక్షేపాలు మెగ్నీషియం గల సున్నపురాయి ఇలా మార్పు చెందడం వల్ల ఏర్పడినవే. టాల్క్ గనులన్నింటిలో రాతినార ఉంటుందని దీని అర్థం కాదు. ఏ గనిలో లేదో పరీక్షించి తేల్చవలసిందే.

రాతినార ప్రమాదం 1960లో స్పష్టమైంది. దక్షిణాఫ్రికా గనుల ప్రాంతంలో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్‌కు, రాతినార ధూళికి గల సంబంధాన్ని వాగ్నర్ బృందం ఆ ఏడాది వెల్లడించింది. 1968లో క్రాలీ బృందం అమెరికా మార్కెట్టులోని 22 రకాల పౌడర్లను పరిశీలించి వాటిలో నారరూప ఖనిజాలను గుర్తించింది. 1976లో రోల్, లాంగర్, సెలికాఫ్‌ల బృందం పరీక్షించిన 20 పౌడర్లలో పదింటిలో ట్రెమొలైట్, ఆంథోఫిల్లైట్‌లు కనిపించాయి.

3. 'లేదు', 'కనబడలేదు':
అదే 1976లో అమెరికా సౌందర్యసామగ్రి పరిశ్రమ తనకు తానుగా ఒక పరీక్షా విధానాన్ని నిర్దేశించుకొంది. ప్రాథమికంగా ఎక్స్-రే వివర్తనంపై ఆధారపడిన ఆ విధానం 0.5 శాతం కంటే తక్కువగా ఉన్న రాతినారను పట్టుకోలేదు. అంటే 100 గ్రాముల డబ్బాలో దాదాపు అర గ్రాము రాతినార ఉన్నా పరీక్షకు అందకపోవచ్చు. నివేదికలో రాయదగిన మాట 'కనబడలేదు'. వినియోగదారునికి చేరిన మాట 'లేదు'. ఈ రెండు మాటల మధ్య దూరమే తరువాతి వివాదాలకు మూలం.

పరికరం మారితే ఫలితం ఎంత మారుతుందో 2019 నిరూపించింది. అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చేయించిన పరీక్షలో ఒక బేబీ పౌడరు నమూనాలో 0.00002 శాతానికి మించని క్రిసోటైల్ బయటపడింది. ఆ అక్టోబరులో జాన్సన్ అండ్ జాన్సన్ దాదాపు 33,000 డబ్బాలను వెనక్కి పిలిచింది. తాము తిరిగి చేయించిన పరీక్షల్లో రాతినార కనబడలేదని ఆ సంస్థ ప్రకటించింది. 1976 నాటి హద్దుతో పోలిస్తే ఈ పరిమాణం 25,000 వంతులు తక్కువ. పాత పద్ధతిలో ఈ నమూనా శుద్ధమైనదిగానే నమోదయ్యేది.

4. ఇతర ప్రమాదాలు:
పౌడరు హాని అంతా రాతినార నుండే రాలేదు. 1972లో ఫ్రాన్సులో 'మొరాంజ్' పౌడరు తయారీలో పొరపాటున హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమినాశకం 6 శాతానికి పైగా కలిసి 36 మంది పసిపిల్లలు మరణించారు. స్వచ్ఛమైన టాల్క్ సైతం అన్నిచోట్లా నిరపాయకరం కాదు. శస్త్రచికిత్స చేతితొడుగుల మీది టాల్క్ ఉదరంలో చేరి కణితుల వంటి గడ్డలకు, పేగులు అతుక్కుపోవడానికి కారణమవుతున్నదని తేలడంతో దాని స్థానంలో పిండి పొడి వచ్చింది. పసిపిల్లలు పౌడరును పీల్చి తీవ్రమైన శ్వాసబాధకు గురైన సంఘటనలూ వైద్యసాహిత్యంలో ఉన్నాయి.

5. అండాశయ క్యాన్సర్ వివాదం:
1971లో కార్డిఫ్‌కు చెందిన హెండర్సన్ బృందం 13 అండాశయ కణితులను పరిశీలించగా పదింటిలో టాల్క్ కణాలు కనిపించాయి. అయితే కణం ఉండడం వేరు, అదే కారణం కావడం వేరు. 1982లో క్రేమర్ బృందం అమెరికాలో 215 మంది రోగులను, అంతే సంఖ్యలో ఆరోగ్యవంతులను పోల్చింది. జననాంగాల వద్ద పౌడరు వాడేవారిలో ప్రమాదం సుమారు 1.9 రెట్లుగా తేలింది. ఇటువంటి అధ్యయనాలు రోగి జ్ఞాపకం మీద ఆధారపడతాయి. వ్యాధి వచ్చినవారు పాత అలవాట్లను ఎక్కువగా గుర్తుచేసుకొనే అవకాశం ఉంది.

ఆరోగ్యవంతులను ముందే నమోదు చేసి ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలు ఈ లోపాన్ని తగ్గిస్తాయి. అటువంటి నాలుగింటిని కలిపి 2,52,745 మంది స్త్రీల వివరాలను 2020లో విశ్లేషించగా ప్రమాద నిష్పత్తి 1.08గా వచ్చింది. అది గణాంకపరంగా నిర్ధారక ఫలితం కాదు. గర్భాశయం, అండవాహికలు యథాతథంగా ఉన్న స్త్రీలలో మాత్రం 1.13గా స్వల్ప సంబంధం కనిపించింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌ను 'బహుశా క్యాన్సర్ కారకం' అనే 2ఎ వర్గంలో చేర్చింది. ఈ వర్గీకరణ ఆధారాల బలాన్ని సూచిస్తుందే తప్ప ప్రమాద పరిమాణాన్ని కాదు.

6. న్యాయస్థానాలు, నియంత్రణ:
2018లో అమెరికాలోని సెయింట్ లూయిస్ జ్యూరీ 22 మంది స్త్రీలకు 469 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పునిచ్చింది; 2020లో పైకోర్టు దానిని 212 కోట్లకు తగ్గించింది. అదే ఏడాది జాన్సన్ అండ్ జాన్సన్ అమెరికా, కెనడాలలో టాల్క్ ఆధారిత బేబీ పౌడరు అమ్మకాన్ని నిలిపివేయాలని నిర్ణయించింది. 2023లో ప్రపంచమంతటా మొక్కజొన్న పిండికి మారాలన్న నిర్ణయాన్ని 2022లోనే ప్రకటించింది.

భారతదేశంలో 2018 డిసెంబరులో ఉత్పత్తి నిలిచింది. ప్రభుత్వ ప్రయోగశాలల్లో రాతినార కనబడకపోవడంతో 2019 ఫిబ్రవరిలో తిరిగి మొదలైంది. 2022లో మహారాష్ట్ర అధికారులు ములుంద్ కర్మాగారం లైసెన్సును రద్దు చేసినప్పుడు కారణం రాతినార కాదు, ఆమ్ల-క్షార ప్రమాణం. ఆ ఉత్తర్వును 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు కొట్టివేసింది. 'పౌడరు పరీక్షలో తప్పింది' అన్న వార్త విన్నప్పుడు ఏ పరీక్షలో అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న అని ఈ ఉదంతం తెలుపుతుంది.

7. ముగింపు:
పై పరిశీలన నుండి కింది అంశాలు తేలుతున్నాయి.

1. రాతినార కలిసిన టాల్క్ ప్రమాదకరమన్నది స్థిరపడిన సత్యం.
2. రాతినార లేని టాల్క్‌కు, అండాశయ క్యాన్సర్‌కు గల సంబంధం ఇంకా పూర్తిగా రుజువు కాలేదు. పూర్తిగా తోసిపుచ్చదగినదీ కాదు. జననాంగాల వద్ద వాడకం అనవసరం కనుక మానుకోవడమే వివేకం.
3. పసిపిల్లల ముఖం దగ్గర పౌడరు చల్లడం క్యాన్సర్ ప్రసక్తి లేకుండానే వర్జనీయం.
4. శుద్ధత గురించిన ప్రతి ప్రకటనతో పాటు పరీక్షా పద్ధతి, దాని కొలత హద్దు తెలియజేయాలి.

నూరేళ్లకు పైబడిన ఈ చరిత్రలో ఖనిజం మారలేదు. దానిని చూసే సాధనాలు మారాయి. ఆ సాధనాల ఎంపికను ఉత్పత్తిదారులకే వదిలివేసిన కాలంలో సందేహానికి మూల్యం వినియోగదారులు, అందులోనూ స్త్రీలు, పసిపిల్లలు చెల్లించారు.