మంటలు ఆరాక మొదలైన లెక్క

జంషెడ్‌పూర్‌లో మార్చి 3 ఊరంతటికీ పండుగ. 1839లో జంషెడ్‌జీ టాటా జన్మించిన రోజది. ఏటా ఆ వేళకు జూబిలీ పార్కు దీపాలతో వెలుగుతుంది. ఉక్కు కర్మాగారం చెంతనే పెరిగిన బిష్టుపూర్‌లో జనం కిక్కిరిసి ఉంటారు. తెలుగువారు కట్టుకున్న ఆంధ్రభక్త శ్రీరామ మందిరం కూడా ఆ బిష్టుపూర్‌లోనే ఉంది. పొట్ట చేతపట్టుకొని వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబాలకు కర్మాగారం జీతమే కాదు, పిల్లల భవిష్యత్తు కూడా.

1989 మార్చి 3న ఆ నమ్మకానికే నిప్పంటుకుంది. సంస్థాపకుని 150వ జయంతి సందర్భంగా ఉద్యోగులను కుటుంబాలతో సహా కర్మాగారానికి ఆహ్వానించారు. ప్రముఖుల కోసం వేసిన పందిరిని మంటలు చుట్టుముట్టాయి. 60 మంది మరణించారు, 113 మంది గాయపడ్డారు. చనిపోయినవారిలో అత్యధికులు పిల్లలు, స్త్రీలు.

విపత్తు తరువాత బాధితుల నిబ్బరాన్ని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పుకు పైసా ఖర్చు లేదు. జంషెడ్‌పూర్ బాధితులు మెప్పుతో సరిపెట్టుకోలేదు. ఆ ఒక్క రోజున ఇద్దరు బిడ్డలనూ తల్లిదండ్రులనూ పోగొట్టుకున్న ఒక తల్లి మరికొందరితో కలసి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. బాధ్యులను విచారించాలని, పరిహారం ఇప్పించాలని కోరారు. న్యాయచరిత్రలో ఆ వ్యాజ్యం ‘లతా వాధ్వా వర్సెస్ బిహార్ రాష్ట్రం’గా నిలిచింది. పరిహారం విషయంలో దీన్ని ప్రత్యర్థుల పోరుగా చూడబోమని కంపెనీ న్యాయస్థానానికి చెప్పింది. ఎవరికెంత ఇవ్వాలో తేల్చే పని మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్‌కు అప్పగించారు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. సంపాదించేవాడు చనిపోతే జీతం చూసి నష్టం కట్టవచ్చు. జీతమే లేని గృహిణి ప్రాణాన్ని ఏ కొలతతో కొలవాలి? బడికి వెళ్లే బిడ్డ మాటేమిటి? గృహిణి సేవలకు ఏడాదికి రూ.12,000గా వేసిన అంచనా మరీ తక్కువని సుప్రీంకోర్టు 2001 ఆగస్టు తీర్పులో తేల్చింది. 34 నుంచి 59 ఏళ్లవారికి నెలకు రూ.3,000 చొప్పున ఏడాదికి రూ.36,000గా లెక్కకట్టింది. అయిదు నుంచి పదేళ్ల పిల్లలకు రూ.2 లక్షలు, పది నుంచి పదిహేనేళ్లవారికి రూ.4.10 లక్షలు నిర్ణయించింది. పన్నెండేళ్లు దాటిన నిరీక్షణ అది. ఈలోగా జంషెడ్‌పూర్ బిహార్‌ను వీడి జార్ఖండ్‌లో చేరింది. వ్యాజ్యం పేరులో మాత్రం బిహార్ మిగిలిపోయింది.

ఈ లెక్కలో ఒక లోపమూ ఉంది. ఉద్యోగి సంతానంలో ఒకరికి కంపెనీలో కొలువు దొరికే ఆనవాయితీని న్యాయస్థానం పెద్ద పిల్లల విషయంలో పరిగణనలోకి తీసుకుంది. బాధితులకు అది మేలే చేసింది. కానీ అదే తర్కాన్ని ముందుకు సాగదీస్తే, ఏ కొలువు భరోసా లేని దినకూలీ బిడ్డ ప్రాణం చవకైపోతుంది. ఆదాయమే కొలమానమైనంత కాలం బతుకులోని అసమానత చావులోనూ వెంటాడుతుంది.

అయినా ఆ తల్లుల పోరాటం వృథా కాలేదు. 2021 జనవరిలో కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి.రమణ గృహిణుల శ్రమ విలువపై ప్రత్యేకంగా తీర్పు రాస్తూ లతా వాధ్వా తీర్పును ప్రస్తావించారు. ఇంటివారికోసం చేసే జీతం లేని పనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్న 2019 నాటి ప్రభుత్వ సర్వేను ఉదహరించారు.

నేడు రోడ్డు ప్రమాదంలో గృహిణిని కోల్పోయి ట్రిబ్యునల్ మెట్లెక్కే ఏ కుటుంబానికైనా ఆ తీర్పు అండగా ఉంది. ఆ కుటుంబాల్లో చాలామందికి జంషెడ్‌పూర్ పందిరి సంగతి తెలియకపోవచ్చు. ‘ఆమె ఏ పనీ చేయదు, ఇంట్లోనే ఉంటుంది’ అనే మాటను మాత్రం ఇక ఏ బీమా న్యాయవాదీ ధీమాగా అనలేడు.