ఉత్తుత్తి తుపాకీ, అసలు వ్యాపారం

నాదర్‌గుల్‌లో అద్దెకున్న రోజుల్లో పొద్దున్నే డాబా ఎక్కితే, అక్కడి ఎయిర్‌ఫీల్డ్ నుంచి లేచిన చిన్న ట్రైనింగ్ విమానాలు గుండ్రంగా తిరుగుతూ కనిపించేవి. నడిపేవాళ్లు ఇంకా నేర్చుకుంటున్నవాళ్లే. ఇటు దిల్‌సుఖ్‌నగర్‌కి వస్తే జావా కోచింగు, టెస్టింగ్ కోచింగు. అంటే మా వైపంతా శిక్షణే బతుకుతెరువన్నమాట! కానీ ఆ శిక్షణనే సాఫ్ట్‌వేర్‌గా రాసి సైన్యానికి అమ్మొచ్చని మా బ్యాచ్‌లో ఒక్కడికీ తట్టలేదు.

తట్టినవాళ్లు ఊరికి అవతలి చివర, సనత్‌నగర్‌లో ఉన్నారు. జెన్ టెక్నాలజీస్. అశోక్ అట్లూరి, ఇంకొందరు కలిసి 1993లో పెట్టారు. సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంటే 'హైటెక్' అనే మాట మన ఊరి పేరులో చేరకముందు సంగతి.

ఇంతకీ వీళ్లు చేసేదేంటి? ఉదాహరణకి తుపాకీ సిమ్యులేటర్. బరువూ పట్టూ అసలు తుపాకీలాగే ఉంటుంది, గుండు మాత్రం ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే లేజర్ వెళ్లి తెర మీద పడుతుంది, కెమెరా ఆ చుక్కని పట్టుకుంటుంది. దూరం, గాలి లెక్కగట్టి గుండు ఎక్కడ తగిలేదో చెప్పేది ప్రోగ్రాము. ఎన్నిసార్లు తప్పినా తూటా ఖర్చు లేదు, పక్కవాడి ప్రాణానికి ప్రమాదం లేదు. ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో ఎడ్విన్ లింక్ 1929లోనే విమానం నేర్పే పెట్టె కట్టాడు. 1980లలో డార్పా వాళ్లు సిమ్‌నెట్ పేరుతో యుద్ధ ట్యాంకుల సిమ్యులేటర్లని నెట్‌వర్కులో కలిపారు. మన ఆన్‌లైన్ ఆటలకి అదో పెద్దన్న.

టెక్నాలజీ ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. పెద్ద కొనుగోలుదారు ఒక్కరే, సర్కారు. ముందు ట్రయల్స్, తర్వాత టెండరు, ఆ తర్వాత ఫైలు. సంవత్సరాలు గడిచిపోతాయి. ఈలోగా జీతాలు ఆగవు కదా! పోలీసులకి షూటింగ్ సిమ్యులేటర్లు, బస్సు, లారీ నడపడం నేర్పే సిమ్యులేటర్లు కూడా వీళ్ల సరుకే. ఇంత చేసినా 2021-22లో ఆదాయం సుమారు 70 కోట్లు. దాదాపు ముప్ఫై ఏళ్ల కష్టానికి!

తర్వాత గాలి మళ్లింది. 2016 రక్షణ కొనుగోళ్ల విధానం ఇక్కడే డిజైన్ చేసి తయారుచేసిన సరుకుకి మొదటి పీట వేసింది. 2021 సెప్టెంబరులో రక్షణ శాఖ సిమ్యులేటర్ల వాడకం పెంచాలని ఒక విధానం ప్రకటించింది. ఆ ఏడాదే వాయుసేన నుంచి డ్రోన్లని అడ్డుకునే వ్యవస్థకి సుమారు 155 కోట్ల ఆర్డరు వచ్చింది. 2022-23లో సుమారు 219 కోట్లు, ఆ తర్వాతి ఏడు 440, 2024-25లో 970 దాటింది. పేపర్లలో ఇది రాత్రికి రాత్రి విజయంలా కనిపించింది. ఆ రాత్రి పొడవు మాత్రం ముప్ఫై ఏళ్లు.

అలాగని కథ సుఖాంతం అనుకోకండి. 2025 ఏప్రిల్-జూన్‌లో అమ్మకాలు అంతకు ముందేడుకంటే బాగా తగ్గాయి. కొనేవాడు ఒక్కడే అయితే వాడు ఆలస్యం చేసినప్పుడల్లా మనకి కరువే.

నేనూ ఒకప్పుడు పనిచేసే చోట ఒక చిన్న టూల్ రాసి, దీన్ని ప్రోడక్టు చేద్దామని మేనేజరుకి చూపించాను. "బాగుంది, కానీ ఈ గంటలు ఎవరికి బిల్లు వేస్తాం?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, సర్వీసు కంపెనీ బతికేదే గంటల మీద. నేనే దాన్ని ఒక ఫోల్డర్లో పడేసి ఆన్‌సైట్‌కి వెళ్లిపోయాను. తెలివి మన దగ్గర తక్కువేం లేదండీ, ఫైలు కదిలేదాకా కూర్చునే ఓపికే లేదు. ఆ ఓపికకి కట్టే ఖరీదు కూడా తక్కువేం కాదని ఒప్పుకుంటాను. ఆన్‌సైట్ డబ్బుతోనే కదా నేను ఇల్లు కొన్నది!

మీ ఫోల్డర్లో ఏముందో ఒకసారి తెరిచి చూడండి మరి.