మందుల షేర్లు: తొలి ఫలితాలు, లోపలివాళ్ల అడుగులు

చిత్తూరు వైపు మామిడి తోటను పూత మీదే బేరమాడే వ్యాపారికి ఒక సంగతి బాగా తెలుసు: పూతకూ కాపుకూ మధ్య తేనెమంచు పురుగు ఉంది, గాలివాన ఉంది. అందుకే ధర తగ్గించి అడుగుతాడు. కొత్త మందు కనిపెడుతున్న కంపెనీ షేరు కొనేటప్పుడు మాత్రం మనవాళ్లలో చాలామంది ఈ తగ్గింపు మరిచిపోతున్నారు.

తెలుగునాట ఈ కథ కల్లం అంజిరెడ్డితో మొదలైంది. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన ఆయన 1993లో పరిశోధన సంస్థ పెట్టారు. షుగర్ వ్యాధికి అక్కడ కనిపెట్టిన బాలగ్లిటజోన్‌ను 1997లోనూ, రాగగ్లిటజార్‌ను మరుసటి ఏడాదీ డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చారు. 2001 ఏప్రిల్‌లో డాక్టర్ రెడ్డీస్ న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఎక్కింది. రాగగ్లిటజార్ మనుషుల మీద పరీక్షల్లో (ట్రయల్స్) మూడో దశ దాకా వెళ్లింది. 2002 జూలైలో, దీర్ఘకాల పరీక్షల్లో ఉన్న ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనబడ్డాయని నోవో నార్డిస్క్ ట్రయల్స్ ఆపేసింది. డాక్టర్ రెడ్డీస్ షేరు కూలింది. మనుషుల మీద తొలి దశలు దాటిన మందును పక్కనే నడుస్తున్న జంతు పరీక్ష పడగొట్టింది. 2004లో బాలగ్లిటజోన్‌నూ నోవో వదిలేసింది. అంజిరెడ్డి పట్టుదల మీద నాకెంతో గౌరవం. అయినా ఆనాటి మదుపరులు తొలి ఫలితాల మీద పెట్టుకున్న నమ్మకం మితిమీరిందనే అంటాను.

మొదటి దశలో సాధారణంగా కొన్ని పదుల మంది మీదే పరీక్ష జరుగుతుంది. మందును శరీరం తట్టుకుంటుందా, మోతాదు ఎంత అన్నవే అక్కడి ప్రశ్నలు. రోగం తగ్గుతుందా అన్నది తర్వాతి మాట. ప్రపంచవ్యాప్తంగా ఈ దశలోకి వచ్చిన పది మందుల్లో చివరికి మార్కెట్ చేరేది సుమారు ఒకటే. హైదరాబాద్ కంపెనీ సువెన్ లైఫ్ సైన్సెస్ అల్జీమర్స్ మందు మసుపిర్డిన్‌ను 564 మందితో రెండో దశలో పరీక్షించింది. 2019 నవంబరులో వచ్చిన ఫలితం లక్ష్యాన్ని అందుకోలేదు.

ఇక లోపలివాళ్ల సంగతి, అంటే కంపెనీ రహస్యాలు ముందే తెలిసినవాళ్ల సంగతి. 2001 డిసెంబరులో అమెరికాలో ఇమ్‌క్లోన్ అధిపతి శామ్ వాక్సల్, తమ క్యాన్సర్ మందు ఎర్బిటక్స్ దరఖాస్తును అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తిప్పికొట్టబోతోందని ముందే తెలిసి, షేర్లు అమ్ముకోమని కుటుంబ సభ్యులకు ఉప్పందించాడు. ఏడేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అదే ఎర్బిటక్స్‌కు 2004లో అనుమతి వచ్చింది! లోపలివాళ్ల అమ్మకం రేపటి వార్తను చెప్పింది గాని మందు విలువను చెప్పలేదు.

మన దగ్గర ఈ వ్యవహారం మరో దారి పట్టింది. 2017 జూలైలో మందుల కంపెనీ దివీస్ విశాఖ యూనిట్‌పై అమెరికా దిగుమతి ఆంక్షలు తొలగుతున్నాయన్న కబురు బయటికి రాకముందే కొందరు షేర్లు కొన్నారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2020లో ఉత్తర్వు ఇచ్చింది. ఇక్కడ రహస్యం ట్రయల్‌ది కాదు, ఫ్యాక్టరీది. మన కంపెనీల ఆదాయం ఎక్కువగా తయారీ నుంచే వస్తుంది కాబట్టి, ఎఫ్‌డీఏ తనిఖీలే ఇక్కడ షేరును ఎక్కువగా కదిలిస్తాయి.

కోవిడ్ టీకా కోవాగ్జిన్ నాటికి కథ మా గడపలోకే వచ్చింది. 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ప్రాంతంలో పుట్టినవారే ఆ టీకా తయారుచేసిన భారత్ బయోటెక్ అధిపతి కృష్ణ ఎల్ల. ఆయన కంపెనీ స్టాక్ మార్కెట్లో లేదు. అందుకని చాలామంది చూపు కోవాగ్జిన్ అమెరికా భాగస్వామి ఆక్యుజెన్ మీద పడింది. 2020 డిసెంబరులో డాలరు కూడా లేని ఆ షేరు ఫిబ్రవరిలో పదిహేను డాలర్ల దాకా ఎగిరింది. అత్యవసర అనుమతి కోరబోమని 2021 జూన్‌లో కంపెనీ చెప్పిన రోజే పావు వంతుకు పైగా పడిపోయింది. 25,800 మందిపై జరిగిన మూడో దశలో టీకా 77.8 శాతం సామర్థ్యం చూపింది. అంటే టీకా నిలబడినా షేరు నిలబడలేదు.

మరి మదుపరి దేన్ని చూడాలి? లోపలివాళ్లు షేర్లు అమ్మడానికి ఇల్లు, పన్ను, పిల్లల పెళ్లి లాంటి కారణాలు ఎన్నో ఉంటాయి. ప్రమోటరు తన సొంత డబ్బుతో బహిరంగ మార్కెట్లో కొనడమే నా దృష్టిలో బలమైన గుర్తు. 2015 సెబీ నిబంధనల ప్రకారం ఒక త్రైమాసికంలో పది లక్షల రూపాయలు దాటిన లావాదేవీలను వాళ్లు రెండు ట్రేడింగ్ రోజుల్లో కంపెనీకి తెలపాలి. ఆ వివరాలు ఎక్స్ఛేంజీల్లో ఉచితంగా దొరుకుతాయి. 2009 నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్‌నూ సీటీఆర్ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ)లో ముందుగా నమోదు చేయాల్సిందే. ఏ దశ, ఎంతమంది, దేన్ని లక్ష్యంగా కొలుస్తున్నారన్నది అందులో ఉంటుంది. తిరుపతిలో, చిత్తూరులో ఫోన్‌లోనే షేర్లు కొంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ రెండూ చూడకుండా మొదటి దశ వార్త నమ్మి ఇంట్లో బంగారం తాకట్టు పెట్టకండి.