గోడ దాటి వచ్చిన గొంతు

ఘంటసాల పాటంటే మీకెందుకంత ఇష్టమండీ అని ఎవరినైనా అడిగి చూడండి. గంభీరమైన గొంతు అంటారు, మాట స్పష్టంగా పలుకుతాడంటారు, ఆ భావం ఇంకెవరికి వస్తుందంటారు. అన్నీ నిజాలే. కానీ అవన్నీ ఇష్టం పుట్టాక వెతుక్కున్న కారణాలు. "మొట్టమొదట ఎక్కడ విన్నారు?" అని అడగండి. అప్పుడు పాట సంగతి పక్కకి పోయి బావిగట్టు, మేనత్త పెళ్ళిపందిరి, పక్కింటివాళ్ళ రేడియో బయటికొస్తాయి. ఆడవాళ్ళనడిగితే మరీను.

ఈ మధ్య మా ఇంటి ఆడవాళ్ళనీ, మా అపార్టుమెంటులో పెద్దవాళ్ళనీ ఇదే ప్రశ్న అడుగుతున్నాను. విన్నకొద్దీ నాకు అర్థమైంది ఒకటే. జీవితాంతం నిలిచే అభిమానం మనం ఎంచుకుంటే వచ్చేది కాదు. మన చేతులు పనిలో ఉండగా ఒక గొంతు తనంత తనే వచ్చి ఆ పనిలో కలిసిపోతుంది. మగవాళ్ళు పాట దగ్గరికి వెళ్ళారు, హాలుకో, కచేరీకో. మన అమ్మమ్మల దగ్గరికి పాటే రావాల్సి వచ్చింది, గోడ దాటి.

ఆ గొంతు పుట్టింది 1922 డిసెంబరు 4న, గుడివాడ దగ్గర చౌటపల్లిలో. తండ్రి సూరయ్యగారు తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. కొడుకు చిన్నతనంలోనే ఆయన పోయారు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం వెళ్ళిన పిల్లవాడు పూట గడవక మధూకరం ఎత్తుకుని చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు గురువు. అంటే ఆయన పాట విని అభిమానులైన ఇల్లాళ్ళకంటే ముందు, పాటేమీ వినకుండానే ఆయన జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ళున్నారన్నమాట. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకెందుకో మనసు నిండుతుంది. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళి వచ్చి, తర్వాత మద్రాసు చేరి, రేడియోలోనూ సినిమాల్లోనూ పాడడం మొదలుపెట్టారు. 1951లో పాతాళభైరవి, 1953లో దేవదాసు, 1957లో మాయాబజార్. ఆ ఆరేళ్ళలో ఆయన గొంతు తెలియని తెలుగు ఊరు లేదంటే అతిశయోక్తి కాదు.

మరి ఊళ్ళకి ఎలా చేరింది? మొదటి దారి పెళ్ళిపందిరి. గ్రామఫోను కొనుక్కునే స్తోమత ఊళ్ళో ఏ ఒకరిద్దరికో ఉండేది. కానీ పెళ్ళంటే మైకుసెట్టు వచ్చేది. రాటకో చెట్టుకో బాకా కట్టి రికార్డులు వేసేవారు. ఒక్కో వైపు మూడు నిమిషాలకి అటూ ఇటూ, అంతే. ఉన్న పది రికార్డులే మూడు రోజులూ తిప్పి తిప్పి వేసేవారు. మా అమ్మమ్మకి మొదటిసారి అలాగే వినపడిందట. పెళ్ళి వాళ్ళ వీధిలోనే, తను మాత్రం దొడ్లో పిండి కొట్టుకుంటూ. మూడో రోజుకి పాటలన్నీ నోటికొచ్చేశాయట. పాడిందెవరో తెలియడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది!

రెండో దారి డేరా సినిమా. ఆట మొదలయ్యే ముందు ఊరంతా వినపడేలా ఘంటసాల పాడిన "నమో వేంకటేశా" రికార్డు వేయడం చాలాచోట్ల ఆనవాయితీ. టిక్కెట్టు కొన్నవాళ్ళకి అది సినిమా కబురు. ఇంట్లో ఉన్నవాళ్ళకి గడియారం. ఆ పాట వినపడిందంటే ఎసరు పడేసే వేళయిందని లెక్క. రోజూ ఒకే వేళకి, ఒకే పని దగ్గర, ఒకే గొంతు. అలా ఏళ్ళు గడిస్తే అది ఇంటి మనిషి గొంతు కాక ఏమవుతుంది?

ఇక 1963లో లవకుశ వచ్చింది. తెలుగులో పూర్తిగా రంగుల్లో తీసిన మొదటి సినిమా. సీతమ్మ కథ కాబట్టి ఆడవాళ్ళని పంపడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. బళ్ళు కట్టుకుని, అన్నం మూటలు పెట్టుకుని వెళ్ళారు. లవకుశుల పాటలు పాడింది పి. లీల, పి. సుశీల. సంగీతం కట్టింది ఘంటసాల. అప్పటిదాకా గోడ అవతలి నుంచి వినడమే తెలిసినవాళ్ళు మొదటిసారి ఆ పాట ముందు కూర్చున్నారు. అడవిలో వదిలేసిన ఆడమనిషి బాధకి అంతమంది కలిసి బాహాటంగా ఏడ్చే వీలు మామూలు రోజుల్లో ఎక్కడ దొరికేది?

మూడో దారి రేడియో. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. 1952 తర్వాత కొన్నేళ్ళు ఆకాశవాణిలో సినిమా పాటలకి చోటు బాగా తగ్గింది. ఆ ఖాళీని రేడియో సిలోన్ నింపింది. 1957లో వివిధ భారతి వచ్చాక పాటలు మళ్ళీ మన రేడియోలో వినపడ్డాయి. పొద్దున్నే భక్తిరంజని సరే సరి. అప్పట్లో రేడియోకి లైసెన్సు ఉండేది, ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాలి. కాబట్టి రేడియో అంటే ఇంటి పెద్ద సొత్తు. దాని చోటు వసారాలోనే.

ఇక్కడ మా అత్తయ్యగారి మాట చెప్పాలి. ఆవిడ ఎక్కువ మాట్లాడరు. నేను అడిగితే కూడా ముందు నవ్వి ఊరుకున్నారు. రెండు రోజుల తర్వాత చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తనే మొదలుపెట్టారు.

"కాపరానికి వచ్చిన కొత్తలోనమ్మా. రేడియో వసారాలో ఉండేది, మామగారి మంచం పక్కన. నేను అటు వెళ్ళేదాన్ని కాదు. వంటింట్లోకి సగం సగం వినపడేది. ఒకసారి ఘంటసాల పాట వస్తుంటే కవ్వం ఆపేసి విన్నాను. మజ్జిగ చిలికే చప్పుడు ఆగిందని ఆయన కనిపెట్టారో ఏమో! ఆ రోజు నుంచీ ఘంటసాల వస్తే రేడియో కాస్త గట్టిగా పెట్టేవారు. ఎందుకని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు."

యాభై ఏళ్ళ పైమాట. ఈవిడ ఘంటసాల అభిమాని అని మా మామగారికి కూడా తెలియదు. సంఘాల్లో సభ్యత్వం లేదు, ఫొటో లేదు, కచేరీకి వెళ్ళింది లేదు. అభిమానుల చరిత్ర ఎవరైనా రాస్తే ఈవిడ పేరు ఎక్కడుంటుంది చెప్పండి?

నాకైతే ఆయన గొంతు కాసెట్టులో దొరికింది. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు. నేను పుట్టేసరికే లేని మనిషికి అభిమానినయ్యానన్నమాట. అప్పట్లో రికార్డింగు షాపుకి పాటల జాబితా రాసి ఇస్తే ఖాళీ కాసెట్టులో ఎక్కించి ఇచ్చేవారు. అమ్మ క్యాలెండరు కాగితం వెనక రాసిన జాబితాలో కరుణశ్రీగారి పుష్పవిలాపం ఉంది. దాన్ని మొదటిసారి విన్నప్పుడు నాకు పన్నెండేళ్ళు. సరిగ్గా అప్పుడే కనకాంబరాలు మాల కడుతున్నాను! పూలు తమ గోడు చెప్పుకునే పద్యాలు అవి. నా వేళ్ళు ఆగిపోయాయి. అమ్మమ్మ చూసి, "కట్టవే, పూలు ఏడిస్తే జడ ఆగుతుందా!" అంది. అందరం నవ్వాం. కానీ పద్యం అంటే బట్టీ పట్టేది కాదని నాకు తెలిసింది ఆ పూటే. నాటకాల్లో పద్యం అంటే రాగం బాగా సాగదీసేవారు. ఘంటసాల రాగం తగ్గించి, మాట విడమరిచి పాడారు. అందుకే అయిదో తరగతి దాటని మా అమ్మమ్మకి అర్థమైంది, పన్నెండేళ్ళ నాకూ అర్థమైంది. డిగ్రీలో నేను తెలుగు తీసుకోవడానికి మూలం అక్కడుంది.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. మొన్న వీధిలోంచి ఘంటసాల భగవద్గీత వినపడితే గబగబా బాల్కనీలోకి వెళ్ళి, "ఎవరు పోయారమ్మా?" అంది. దాని తప్పేమీ లేదు. ఆరోగ్యం బాగాలేని రోజుల్లో ఆయన పాడిన గీత అది. రికార్డు ఆయన పోయాకే బయటికి వచ్చింది. బతికున్నవాళ్ళు ఎలా బతకాలో చెప్పే గీతని మనం అంతిమయాత్ర బండికి కట్టాం. దుఃఖంలో ఉన్నవాళ్ళకి అది ఓదార్పే, కాదనను. కానీ ఒక తరం ఆ గొంతుని మొదట వినేదే అక్కడైతే, వాళ్ళకి అది చావు కబురుగానే మిగిలిపోతుంది. మొదట విన్న చోటికి అంత బలం ఉంది మరి.

అలాగని పిల్లల్ని కూర్చోబెట్టి "వినండి, గొప్ప గాయకుడు" అంటే వింటారా? మనల్ని ఎవరైనా అలా కూర్చోబెట్టారా? అందుకని ఆదివారాలు ఉతికిన బట్టలు మడతపెట్టేటప్పుడు మాయాబజార్ పాటలు పెడుతున్నాను. ఎవరి పాటో చెప్పను. అమ్మాయి పక్కన కూర్చుని తువ్వాళ్ళు మడుస్తుంది. పోయినవారం ఒక పాట రాగాన్ని తప్పుగా తీస్తూ స్నానానికి వెళ్ళింది. నేనేమీ అనలేదు. అత్తయ్యగారు మాత్రం తల తిప్పి నావైపు చూశారు.

మీ అత్తగారినో, అమ్మనో, పిన్నినో ఈ వారం అడగండి. ఎవరి పాట ఇష్టమని కాదు, మొదటిసారి విన్నప్పుడు ఏం పని చేస్తున్నారని. వెంటనే జవాబు రాకపోతే తొందరపెట్టకండి. చిక్కుడుకాయలో, మినపప్పో ముందు పెట్టుకుని పక్కన కూర్చోండి.