అద్దపు కెమేరా – దాని పూర్వకథ

విశాఖపట్టణమున వన్ టౌన్ అని వాడుకలోనున్న పాత పట్టణమునకు నేడు తెల్లవారుజామున పోయి చూచినచో, మెడలో కెమేరాలు వ్రేలాడవేసికొనిన యువకులు కురుపాం మార్కెట్టు వీధులలోను, చేపల రేవుకడను తిరుగుచు కనబడుదురు. వారిచేతి యంత్రమును డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. అందురు. అది యెట్లు పుట్టినది? దానితో గ్రామవృద్ధులమైన మనకేమి పని? ఈ రెండే నేటి ప్రసంగమునకు విషయములు.

దాని గుట్టంతయు లోపలి అద్దమున నున్నది. కటకమునుండి వచ్చిన వెలుగును ఏటవాలుగా నిలిచిన చిన్న అద్దము పైకి మరల్చి, చూచువాని కంటికి అందించును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును. వెలుగు వెనుకనున్న పలకపై పడును. పూర్వము అచ్చట ఫిల్ము ఉండెడిది. ఇప్పుడు వెలుగును విద్యుత్తుగా మార్చు సిలికాను పలక యున్నది. ఇట్టి అద్దపు కెమేరాకు 1861లో ఆంగ్లేయుడు థామస్ సటన్ పేటెంటు పొందెను. 1991లో కొడాక్ కంపెనీవారు నైకాన్ కెమేరాకు తమ పరికరమును జోడించి దీని డిజిటల్ రూపమును విక్రయించిరి. ఇటీవల అద్దమే లేని కెమేరాలు వచ్చి దీనిని వెనుకకు నెట్టుచున్నవి.

అద్దముతో ఛాయను పట్టు విద్య తెలుగునేలకు క్రొత్తది కాదు. 1868 ఆగస్టు 18వ తేదీని గుంటూరున సంపూర్ణ సూర్యగ్రహణము కనబడెను. మేజర్ టెన్నెంట్ అచ్చట మకాము చేసి, వెండిపూతగల గాజుటద్దపు దూరదర్శినితో గ్రహణమునకు ఛాయాచిత్రములు తీయించెను. ఆ కాలమున గాజుపలకకు కొలోడియన్ అను జిగట ద్రవమును పూసి, వెండి లవణము కలిపిన నీట ముంచి, తడి యారకమునుపే చిత్రము తీసి కడుగవలెను. సంపూర్ణగ్రహణ మున్నదో ఆరు నిమిషములైనను లేదు. పైగా పలుచని మబ్బు. నేటి యువకు డంతలో వందలకొలది చిత్రములు తీయగలడు. అయినను నాటి కొలది పలకలు నేటికిని శాస్త్రచరిత్రలో నిలిచినవి. ఏల? తేదీ, వేళ, స్థలము, పరికరము – అన్నియు వ్రాసిపెట్టిరి గనుక.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) తన చిత్రములకు సంఖ్యయు శీర్షికయు వేసెడివాడు. అందుచేతనే అవి నేడు చరిత్రకారులకు సాక్ష్యములైనవి.

ఇక మన సంగతి. 1933లో విశాఖ రేవు తెరువబడుటకు పూర్వము, ఓడలు సముద్రమున దూరముగా లంగరు వేయగా, పడవలపై సరకు ఒడ్డునకు చేర్చెడివారు. ఆనాటి పటమొకటి యెవరి యింటనైన దొరికినను, ఒడ్డున నిలిచినవా రెవరని చెప్పగలవా రిప్పుడు అరుదు. క్రొత్త కెమేరా తేదీని, గంటను తానే గుర్తుంచుకొనును. పేరును, బంధుత్వమును, ఊరును ఎరుగదు. అవి పెద్దల నోటనే యున్నవి. పెద్దలతో అవి పోయినచో పటము మూగదగును.

కావున మీ మనుమడు కెమేరా తెచ్చినప్పుడు, నాకెందుకని ముఖము త్రిప్పకుడు. గోడపై పెండ్లిపటములను దింపించి, ఒక్కొక్కరి పేరు చెప్పుడు. వెనుక అట్టమీద మెత్తని పెన్సిలుతో వ్రాయించుడు. సిరా ఊరి ముందు బొమ్మను చెరచును. పిమ్మట ముందు వెనుకలను రెంటిని ఆ కెమేరాతోనే తీయించుడు. యంత్రము వారిది, జ్ఞాపకము మీది. రెండును కలిసిననే అది చరిత్ర యగును.