గుంటూరు స్త్రీల వైద్యశాల

జ్వరమునకు కషాయము, పురిటికి మంత్రసాని: మన యిండ్లలో స్త్రీల వైద్యము చిరకాలము ఇంతటితోనే ముగియుచుండెను. బిడ్డ అడ్డము తిరిగినప్పుడు మంత్రసాని నేర్పు చాలదు. పురుషవైద్యునకు చేయి చూపుటకు కులస్త్రీలు ఒప్పరు. ఈ నడుమ పోయిన ప్రాణములను ఎవరును లెక్క వ్రాయలేదు.

అట్టి కాలమున, 1883లో, పెన్సిల్వేనియా స్త్రీల వైద్యకళాశాలలో పట్టము గొన్న అన్నా సారా కుగ్లరుగారు గుంటూరు వచ్చిరి. ఆమెను పంపిన లూథరను సంఘమువారికి వైద్యురాలి అక్కఱ తోచలేదు. ఉపాధ్యాయినిగా మాత్రమే నియమించిరి. స్త్రీవైద్యమునెడ ఉపేక్ష మన దేశపు సొత్తు మాత్రమే కాదు. ఆమె బడిపని చేయుచునే రోగులను చూచిరి. గడప దాటలేని యిల్లాండ్రకడకు తామే వెళ్లిరి. 1886లో మందులశాల వెలసెను. ఆ శతాబ్దము ముగియకముందే ఆసుపత్రియు నిలిచెను.

అయినను కట్టడమొక్కటి చాలునా? ఆచారవంతులు తమ వంట తామే వండుకొనవలెను. రోగి వెంట తల్లియో అత్తయో ఉండక తప్పదు. మడి చెడునను భయమును వట్టి మూఢత్వమని త్రోసివేయుట సులభమే. కాని దానివలన రోగి ఇల్లు కదలదు. తమ కుటుంబమునకు కలిగిన మేలు మఱవక, ఏలూరు జమీందారులు రాజా భుజంగరావుగారు ఆసుపత్రి యెదుటనే రోగుల బంధువులైన హిందువులకై సత్రము కట్టించిరి. ఒకప్రక్క శస్త్రచికిత్స, ఒకప్రక్క మడివంట. నడుమ వీధి మాత్రమే. ఎన్ని ఉపన్యాసములు చేయజాలని పనిని ఆ సత్రపు పొయ్యి చేసెనో!

కుగ్లరుగారు 1930లో గుంటూరులోనే కన్నుమూసిరి. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచినది.